పదకొండో తాంబాళంలో గిటారు

ముదలియార్‌పేటకీ అరియాంకుప్పానికీ మధ్య ఒక ఏరు, ఒక వంతెన, తొమ్మిదేళ్ళ పగ ఉన్నాయి. ఏరు ఎండాకాలంలో తగ్గుతుంది. వంతెనకి అప్పుడప్పుడూ రంగు వేస్తారు. పగ మాత్రం ఏ మరమ్మతూ అవసరం లేకుండా మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

దానికి కారణం ఇలక్కియ చెవులు. ఇలక్కియకి పదకొండేళ్ళు. ఆ వయసొచ్చినా చెవులు కుట్టని ఆడపిల్ల అరియాంకుప్పంలో అదొక్కతే. జనాభా లెక్కలకి వచ్చిన టీచరమ్మ కూడా ఆ చెవులు చూసి, వీటిని ఏ గడిలో రాయాలో తెలియక కాసేపు పెన్ను ఆపిందట. చెవులు కుట్టాలంటే మేనమామ ఒడి కావాలి. తండ్రి పందిరి వేయిస్తాడు, కంసాలి ఆచారి సూది తెస్తాడు, మేనమామ ఒడి తెస్తాడు. మొదటి రెండూ ఎంత గొప్పగా ఉన్నా మూడోది లేకపోతే సూది దిగదు. ఈ పిల్ల మేనమామ ఒడి ఏటికి ఇవతల, ముదలియార్‌పేటలో, తొమ్మిదేళ్ళుగా ఖాళీగా పడి ఉంది.

ఆ ఒడి ఎళిలరసన్‌ది. సేదరపేట్‌లో ఒక సీసాల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి ఆ ఒడికి వేరే గిరాకీ కూడా లేదు. తల్లి పట్టమ్మాళ్, అతనూ, ఇద్దరే ఇంట్లో. చెల్లెలు కయల్విళిని అరియాంకుప్పంలో గణేశన్‌కి ఇచ్చారు. గణేశన్ కరెంటు లైన్‌మన్. టైమంటే టైమే అనే మనిషి. కరెంటు పోవడం కూడా చెప్పిన టైముకే పోవాలంటాడు.

తొమ్మిదేళ్ళ కిందట, ఇలక్కియకి రెండేళ్ళప్పుడు, చెవులు కుట్టడానికి ముహూర్తం పెట్టారు. ఎళిలరసన్ వచ్చే కంపెనీ బస్సు దారిలో ఆగిపోయింది. నలభై నిమిషాలు ఆలస్యం. గణేశన్ గడియారం చూసి, చూసి, చివరికి పిల్లని తన అక్క మొగుడి ఒడిలో కూర్చోబెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎళిలరసన్ తొమ్మిది తాంబాళాల సీరుతో గుమ్మంలోకి అడుగు పెట్టాడు. మేనమామ పళ్ళాల్లో సర్ది తెచ్చే సారెని ఇక్కడ సీరంటారు. అతను తొమ్మిది తాంబాళాలనీ అలాగే వెనక్కి తిప్పాడు. రెండు అరటిపళ్ళు అప్పటికే ఎవరో తినేశారు. వాటి తొక్కలు కూడా ఏరుకుని పట్టుకుపోయాడు. గణేశన్ అక్క మొగుడు తన ఒడికి అవమానం జరిగిందని ఇంకో దారిన వెళ్ళిపోయాడు. ఆచారి భోజనం చేసి వెళ్ళాడు. ఆ రోజు అనుకున్న పని పూర్తిచేసింది ఆయనొక్కడే.

అప్పట్నుంచీ బావలిద్దరికీ మాటల్లేవు. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే కయల్విళి ద్వారా నడుస్తుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా అంతే. ఆమె అటు చెప్పింది ఇటూ, ఇటు చెప్పింది అటూ చేరవేస్తూ, మధ్యలో తిట్లు తీసేస్తూ, తొమ్మిదేళ్ళలో మంచి అనుభవం సంపాదించింది.

ఈ ఏడు గణేశన్ ఒక నిర్ణయం చెప్పి పంపాడు. వచ్చే బుధవారం పదిన్నర నుంచి పన్నెండు లోపల ముహూర్తం. అదే ఆఖరు. అది తప్పితే పిల్లని టౌన్లో బ్యూటీ పార్లర్‌కి తీసుకుపోతాడు. అక్కడ తుపాకీ లాంటిది పెట్టి టక్కున కొడతారు, చెవికి అర సెకను, ఒడితో పనే లేదు. ఆ తర్వాత పిల్ల పెద్దదవుతుంది, ఇక ఒడి సంగతి ఎత్తేదే ఉండదు.

"ఇప్పటికే నీ భుజం దాకా పెరిగుండాది," అంది పట్టమ్మాళ్ కొడుకుతో. "ఇంకో ఏడాది ఆగితే నువ్వే పోయి దాని ఒడిలో కూర్చోవాల."

ఎళిలరసన్ బుధవారానికి సెలవు పెట్టాడు. కానీ ఈసారి పిల్ల కూడా ఒక షరతు పెట్టింది. ఇలక్కియకి నొప్పంటే భయం లేదు. చెవులు తనవైనప్పుడు ఊరికే ఎందుకివ్వాలనేది దాని వాదన. టౌన్లో ఎక్కడో గేమ్ సెంటర్‌లో, వాయిద్యంలాంటిది చేత్తో పట్టుకుని పాటకి తగ్గట్టు వాయించే వీడియో గేమ్ చూసిందట. మామ సీరులో అది తెస్తే ఒడిలో కూర్చుంటుంది. తేకపోతే కూర్చోదు. కయల్విళి ఇంతవరకే ఫోన్లో చెప్పి ఆగింది.

ఏ వాయిద్యం అన్నది ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు. సీరు అడిగి తెచ్చేది కాదు. మేనమామ ఏం తేవాలో అడిగితే అతనికి తెలివి లేనట్టు. పిల్ల తరఫువాళ్ళు ఇది తెమ్మని చెబితే వాళ్ళకి సిగ్గు లేనట్టు. గణేశన్‌కి కచ్చితంగా తెలుసు. పిల్ల ఆ గేమ్ ముందు గంటన్నర నిలబడితే పక్కన నిలబడింది ఆయనే. అయినా నోరు విప్పలేదు, విప్పడు. ఆ విధంగా రెండు కుటుంబాల పరువూ నిలబడింది, ఎళిలరసన్‌కి మాత్రం నిద్ర పట్టలేదు.

ఫ్యాక్టరీలో ఎవరో సత్తిరాజు పేరు చెప్పారు. సత్తిరాజుది యానాం. టౌన్లో ఏదో ఆఫీసులో గుమస్తా, ముదలియార్‌పేటలోనే మేడ మీద గది. తెల్లవాళ్ళు ఊరు విడిచిపోతూ వదిలేసిన పాత గేమ్ పెట్టెలు కొని, బాగుచేసి అమ్ముతుంటాడు. గదిలో ఎన్ని పెట్టెలున్నాయంటే, అతను పడుకునేటప్పుడు కాళ్ళు వరండాలో ఉంటాయని ఇంటి ఓనరు చెప్పాడు.

ఆదివారం పొద్దున తల్లీ కొడుకులిద్దరూ ఆ గదికి వెళ్ళారు. పట్టమ్మాళ్ చేతిలో గోనెసంచీ, సంచీలో ఇత్తడి తాంబాళం ఉన్నాయి. సీరు వస్తువు ఏదైనా ముందు తాంబాళంలో నిలవాలి, నిలిచాకే బేరం. ఆమె చీర దగ్గర్నుంచి మిక్సీ వరకూ అలాగే కొంది. బీరువా ఒక్కటే కొనలేకపోయింది.

సత్తిరాజు కుర్చీలు తుడిచాడు. "రండి మామ్మగారూ, కూర్చోండి. తెలుగోళ్ళా మీరు? ఇన్నాళ్ళూ ఒకే పేటలో ఉండి తెలవనేలేదండి నాకు," అని సంబరపడ్డాడు. తర్వాత నాలుగు రకాలు తీసి వరసగా పరిచాడు.

మొదటిది నల్లటి గుండ్రటి పలక, దాని మీద తిప్పడానికి చక్రం. డీజేలు వాయించేదట. తాంబాళంలో పెడితే దానికోసమే పోతపోసినట్టు అమరింది. పట్టమ్మాళ్ దాన్ని వేలితో ఒకసారి తిప్పి చూసి, మేనమామ దోసె పెనం తెచ్చాడంటారని పక్కన పెట్టించింది. రెండోది జత గిలక్కాయలు. అవి తేవలసింది పిల్ల పొత్తిళ్ళలో ఉన్నప్పుడని, ఆ పని పదేళ్ళ కిందటే చేసేశామని చెప్పింది. మూడోది డోలు లాంటిది, రెండు పుల్లలతో కొట్టాలి. నాలుగోది గిటారు. ఒళ్ళంతా ప్లాస్టిక్, తీగలు లేవు, తీగలుండాల్సిన చోట అయిదు రంగుల మీటలు ఉన్నాయి.

సత్తిరాజు డోలు తీసుకోమన్నాడు. దానికి వైరు ఉంది, తిన్నగా పెట్టెకి తగిలిస్తే చాలు, ఏ తంటా ఉండదు.

"డోలు వద్దు నాయనా," అంది పట్టమ్మాళ్. "డోలు తీసుకోని పోతే సన్నాయి యాడ అని అడుగుతారు. పాప నాయనే ముందు అడుగుతాడు."

గిటారు తాంబాళంలో పెడితే కాడ ఒక పక్కా, పొట్ట ఇంకో పక్కా బయటికి వచ్చాయి. వంజరం చేపని చిన్న పళ్ళెంలో పెట్టినట్టుంది. పట్టమ్మాళ్‌కి అది అంత నచ్చలేదు. ఆడి చూడండని సత్తిరాజు గిటారుని ఎళిలరసన్ మెడలో వేసి టీవీ పెట్టాడు. తెరమీద రోడ్డు లాంటిది ఉంది. దాని మీద రంగురంగుల బిళ్ళలు పైనుంచి కిందికి జారుతూ వస్తున్నాయి. అవి కింది గీతని తాకేటప్పుడు మీట నొక్కాలి.

ఎళిలరసన్ కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, కళ్ళార్పకుండా నిలబడ్డాడు. పాట మూడున్నర నిమిషాలు. మూడున్నర నిమిషాలూ ఒక్క బిళ్ళని కూడా చూపు తప్పిపోనివ్వలేదు. ఒక్క మీటని కూడా నొక్కలేదు. పాట అయిపోయాక తెర మీద సున్నా వచ్చింది.

"ఏటండీ, ఒక్కటీ నొక్కలేదు?" అన్నాడు సత్తిరాజు.

"ఒక్కటన్నా చెడిపోయింది వస్తే కదా నొక్కేది. అన్నీ బాగుండాయి."

పన్నెండేళ్ళుగా అతని పని అదే. బెల్టు మీద సీసాలు వరసగా వస్తాయి. బీట ఉన్న సీసా కనిపిస్తే మీట నొక్కాలి, అది పక్కకి పడిపోతుంది. మంచి సీసా దానంతటది పోతుంది, దాని జోలికి పోకూడదు. ఈ గేమ్‌లో మంచి బిళ్ళల్నే నొక్కాలని సత్తిరాజు రెండుసార్లు చెప్పాడు. ఎళిలరసన్ విన్నాడు గానీ, బాగున్నదాన్ని ఎందుకు నొక్కాలో అతనికి బుర్రకెక్కలేదు. మంచి వస్తువుని పాడుచెయ్యడానికి చెయ్యి రాలేదు.

తర్వాత గిటారుని తిరగేసి చూడటానికి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది సరిగ్గా రెండేళ్ళ పిల్లంత ఉంది. కాడ ఎడమ భుజానికి ఆనింది. బరువు మాత్రం తక్కువ. సత్తిరాజు అప్పటికే డోలుకి కాగితం చుట్టడం మొదలుపెట్టాడు.

"ఇదే," అన్నాడు ఎళిలరసన్.

డోలుకంటే ఇందులో ఏం నచ్చిందని సత్తిరాజు అడిగితే, రంగు బాగుందన్నాడు. రెండూ నలుపే.

ఆదివారమని కూడా చూడకుండా సత్తిరాజుకి ఆఫీసరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అతను హడావుడిగా చొక్కా వేసుకుంటూనే ఒక కాగితం నిండా ఏదో రాశాడు. గేమ్ పెట్టె, గిటారు, చిన్న ప్లాస్టిక్ సంచీలో ఇంకేదో పట్టమ్మాళ్ చేతిలో పెట్టి, అన్నీ వివరంగా రాశానండి, తెలుగులోనే రాశాను, మీకు సుఖంగా ఉంటుందని, అన్నాడు. తల్లీ కొడుకులిద్దరూ కాగితం వైపు చూసి తల ఊపారు. వాళ్ళ వంశం రెండొందల ఏళ్ళుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతోంది. ఆ రెండొందల ఏళ్ళలో దాన్ని చదవాల్సిన అవసరం ఒక్కరికీ రాలేదు. చదివేదంతా అరవమే. కానీ అంత మర్యాదస్తుడితో, అంత తొందరలో, ఆ మాట చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

బుధవారం పొద్దున సీరు సర్దారు. పళ్ళూ పూలూ చీరా గొలుసూ అన్నీ కలిసి తొమ్మిది తాంబాళాలయ్యాయి. గేమ్ పెట్టె పది, గిటారు పదకొండు. బేసి సంఖ్య, లక్షణంగా ఉంది. సీరు మూసి తేకూడదు, వీధి మొత్తం చూడాలి. అందుకని అట్టలు, సంచీలు అన్నీ తీసేశారు. ప్లాస్టిక్ సంచీలోంచి గోధుమ రంగు ముక్క ఒకటి బయటపడింది. బొటనవేలి గోరంత ఉంది. దానికి వేరే తాంబాళం పెడితే పన్నెండు అవుతాయి, సరిసంఖ్య, శుభానికి పనికిరాదు. ఎళిలరసన్ దాన్ని తీసి తమలపాకుల తాంబాళంలో, ఆకుల మీద అందంగా అమర్చాడు. పట్టమ్మాళ్ సత్తిరాజు కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి గిటారు మీద పెట్టింది. తెలుగులో అంత పొడుగ్గా రాశాడంటే దీవెనే అయ్యుంటుందని ఆమె నమ్మకం.

సీరు పదిన్నరకల్లా అరియాంకుప్పం చేరింది. గిటారు తాంబాళం ఎళిలరసనే స్వయంగా మోశాడు. వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చి చూశారు. ఒకావిడ, పిల్లకి పాటల మేష్టారుని కూడా మామే తెస్తాడా అని అడిగింది. పందిట్లో గణేశన్ ఎదురొచ్చి కొబ్బరికాయ వైపు చూసి నమస్కారం పెట్టాడు. ఎళిలరసన్ అరటి గెల వైపు చూసి అందుకున్నాడు.

ఇలక్కియ పట్టు పావడాతో వచ్చింది. పది తాంబాళాలనీ దాటుకుంటూ గిటారు దగ్గర ఆగింది. కాగితం తీసి పక్కన పెట్టి, గిటారు మెడలో వేసుకుని, అయిదు మీటలూ ఒకసారి నొక్కి చూసింది. ఎళిలరసన్ ఊపిరి బిగబట్టాడు. డోలు కావాలనుకుని ఉంటే ఇప్పుడే తెలియాలి. పిల్ల ముఖంలో ఏమీ కనపడలేదు. మేనమామ పోలికే.

"ఆడుతుందా మామా?"

ఆడుతుందని చెప్పాడు. ఆడించి చూసి వస్తానని అది టీవీ ఉన్న హాల్లోకి పోయింది. ఈలోగా ముత్తయిదువలకి తాంబూలాలు పంచేశారు.

గేమ్ పెట్టె వెలిగింది, పాట వచ్చింది, బిళ్ళలు జారాయి. గిటారు మాత్రం పలకలేదు. ఇలక్కియ దాన్ని ఆపింది, మళ్ళీ పెట్టింది, ఊపింది. తర్వాత బయటికొచ్చి, ఇది పనిచేసేదాకా ఒడిలో కూర్చోనని చాలా నెమ్మదిగా చెప్పి స్తంభానికి ఆనుకుంది. ఏడవలేదు, మొండికెయ్యలేదు. అందుకే ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. పదకొండు కొట్టింది. గణేశన్ కయల్విళితో, పార్లర్ రెండింటిదాకా తెరిచే ఉంటుందని అన్నాడు, పందిట్లో అందరికీ వినిపించేలా.

ఎళిలరసన్ సత్తిరాజుకి ఫోన్ చేశాడు.

"కాయితం చదవలేదాండీ?" అన్నాడు సత్తిరాజు ఆఫీసులోంచి. "మొదటి లైన్లోనే రాశాను కదండీ."

కాగితం తెప్పించారు. పందిట్లో నలభై మంది దాకా ఉన్నారు. నలభై మందీ పుట్టిన దగ్గర్నుంచీ తెలుగులోనే ఏడ్చి, తెలుగులోనే తిట్టుకున్నవాళ్ళు. కాగితం చేతులు మారుతూ పందిరంతా తిరిగొచ్చింది. కొందరు దూరం పట్టుకుని చూశారు, కొందరు తలకిందులు చేసి చూశారు. ఒక పెద్దాయన ఇంటికి మనిషిని పంపి, కళ్ళజోడు తెప్పించుకుని మరీ చదవలేకపోయాడు. చివరికి సత్తిరాజే ఫోన్లో చెప్పాడు. ఈ గిటారుకి వైరు లేదు. గోధుమ రంగు ముక్కొకటి ఇచ్చాను, దాన్ని గేమ్ పెట్టె వెనక గుచ్చితేనే గిటారు పలుకుతుంది. అది లేకపోతే గిటారు ఉత్త ప్లాస్టిక్కు. దాన్ని పోగొట్టుకోవద్దని మూడుసార్లు కింద గీత గీసి రాశాను.

ఎళిలరసన్ తమలపాకుల తాంబాళం దగ్గరికి నడిచాడు. తాంబాళం అద్దంలా ఖాళీగా మెరుస్తోంది.

అది చూడటానికి ఎట్ల ఉంటుందని కయల్విళి అడిగితే, వక్కలాగా ఉంటుందన్నాడు. ఆడవాళ్ళందరూ తాంబూలం సంచీలు విప్పి చాప మీద కుమ్మరించారు. వక్కల్ని ఒక్కొక్కటిగా గిల్లి చూశారు. అన్నీ వక్కలే. వెళ్ళిపోయింది ఒక్కరే. గణేశన్ మేనత్త అన్నమ్మాళ్, టౌన్లో పనుందని పది నిమిషాల కిందటే బస్సెక్కింది.

వక్కల్లో ఆ ముక్కని గుర్తుపట్టగలిగింది ఎళిలరసన్ ఒక్కడే. బండి గణేశన్‌ది. ఆయన బండిని పెళ్ళానికి కూడా ఇవ్వడు. కాబట్టి ఇద్దరూ ఒకే బండి మీద కూర్చోవాల్సి వచ్చింది. బండి కదిలే ముందు కయల్విళి అన్నకి ఫోన్ చేసి, పెట్టెయ్యొద్దు, స్పీకర్లో ఉంచు, అని చెప్పింది. అనుభవం అంటే అదే.

వంతెన మొదట్లో బస్సు వెనక భాగం కనిపించింది.

"కయలూ, బస్సు ముందరే పోతా ఉండాది. కుడి పక్కగా పొమ్మని చెప్పు," అన్నాడు ఎళిలరసన్ ఫోన్లోకి.

"పాప నాయనా, కుడి పక్కగా పోవాలంట," అంది ఫోను.

"కుడి పక్క లారీ ఉండాదని చెప్పు మీ అన్నకి," అన్నాడు గణేశన్ ముందు సీట్లోంచి.

"అన్నా, లారీ ఉండాదంట."

"లారీ పోయింది, ఇప్పుడు పొమ్మను."

"నాకూ కండ్లు ఉండాయని చెప్పు."

"అన్నా, జాగ్రత్తగా కూర్చోమంటా ఉండాడు," అంది కయల్విళి.

ఇద్దరి మధ్యా ఉన్న దూరం ఒక చొక్కా మందం. మాట మాత్రం అరియాంకుప్పం ఇంటిదాకా వెళ్ళి, అక్కడ శుభ్రపడి, తిరిగి వంతెన మీదికి వస్తోంది. ఆ విధంగానే వంతెన దాటారు, బస్సుని కూడా దాటారు, తర్వాతి స్టాపులో బండి అడ్డంగా ఆపారు. ఇద్దరూ లోపలికి ఎక్కారు.

అన్నమ్మాళ్ ముందు సీట్లో కూర్చుని ఉంది. చేతిలో అడకత్తెర. అడకత్తెర నోట్లో గోధుమ రంగు ముక్క. పక్కావిడతో, మా గణేశన్ ఇంట్లో వక్క ఇనుములాగా ఉండాది, పంటికి లొంగలేదు, కత్తెరకీ లొంగేట్టు లేదు అని చెబుతూ రెండు చేతులతో గట్టిగా బిగించబోతోంది.

ఎళిలరసన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అది వక్క కాదని, తిరిగి ఇమ్మని అడిగాడు.

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఇచ్చిన తాంబూలం ఎనక్కి అడుగుతారా యాడన్నా? ఓహో, నువ్వా. ఆ పొద్దు అరటిపండు తొక్కలు గూడా ఏరుకోని పోయినోడివి నువ్వే కదా."

బస్సులో జనం అతనివైపు తిరిగారు. కండక్టరు కూడా టికెట్లు ఆపాడు. ఎళిలరసన్ తల దించుకున్నాడు.

"ఇచ్చేయి అత్తా," అన్నాడు గణేశన్ వెనకనుంచి. "పాప ఆళ్ళ మామ ఒడిలో కూర్చోవాలంటే అది ఉండాల."

అన్నమ్మాళ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అడకత్తెర వదులు చేసి, ముక్కని పైటకొంగుతో తుడిచి ఇచ్చింది. దాని మీద మూడు పళ్ళ గాట్లున్నాయి. వచ్చేదారిలో ఫోన్లో ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. లైను మాత్రం తెరిచే ఉంది.

పన్నెండుకి ఇరవై నిమిషాలుందనగా ముక్కని పెట్టె వెనక గుచ్చారు. పచ్చ దీపం వెలిగింది, గిటారు పలికింది. ఇలక్కియ తల ఊపి, కూర్చోవడానికి సిద్ధమేనంది, అయితే ఆడుతూనే కూర్చుంటుంది. ఇక్కడ ఇంకో చిక్కొచ్చింది. మేనమామ తూర్పు ముఖంగా కూర్చోవాలి. టీవీ పడమటి గోడకి ఉంది. గణేశన్ ఎవరినీ అడక్కుండా టీవీ ఎత్తి తూర్పు గోడ దగ్గర పెట్టాడు. వీధి స్తంభాలకి లాగినంత శ్రద్ధగా పందిరి కొసనుంచి వైరు లాగి కరెంటు ఇచ్చాడు. నాలుగు నిమిషాలు పట్టింది. డిపార్ట్‌మెంటులో అదే పనికి ఆయన రెండు రోజులు తీసుకుంటాడు.

ఎళిలరసన్ హాల్లోనే పీట మీద బాసింపట్టు వేసుకున్నాడు. పదకొండేళ్ళ పిల్ల గిటారుతో సహా అతని ఒడిలో కూర్చుంది. పాట మొదలైంది.

ఆడపిల్లకి ముందు ఎడమ చెవి. గిటారు కాడ కూడా ఎడమ పక్కే ఉంది. ఆచారి సూది పట్టుకుని ఎటునుంచి వచ్చినా కాడ అడ్డం వస్తోంది. కుడి చెవి ముందు కుడతానంటే పట్టమ్మాళ్ ఒప్పుకోలేదు. గణేశన్ వంగి కాడని పైకెత్తి పట్టుకున్నాడు. ఎత్తగానే తెర మొత్తం నీలంగా మారిపోయింది, ఏదో మెరిసింది, పాయింట్లు రెండింతలు పడటం మొదలైంది. గిటారు తల నిలువుగా ఎత్తితే అలా జరుగుతుందని అక్కడున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ కాగితంలో రాసి ఉంటే ఉండొచ్చు.

"అబ్బా," అంది ఇలక్కియ.

అది పాయింట్లకన్నదో, అదే క్షణంలో దిగిన సూదికన్నదో తేలలేదు. బిళ్ళ మాత్రం ఒక్కటీ తప్పలేదు.

ఆచారి సూది తుడుచుకుని, చుట్టాలని తప్పించుకుంటూ, కొబ్బరికాయల్ని దాటుకుంటూ, కుడి పక్కకి చేరేసరికి పట్టమ్మాళ్ చెయ్యి అడ్డం పెట్టింది. గోడ గడియారంలో రెండు ముళ్ళూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బుధవారం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా రాహుకాలం.

"ఒక చెవి అయింది, మంచిదే," అంది పట్టమ్మాళ్. "రెండోది ఒంటిగంటన్నరకి. సగంలో ఒడి దిగితే అచ్చిరాదు. ఇద్దరూ అట్లనే కూర్చోండి."

ఆచారి ముందు పంక్తిలో భోజనానికి కూర్చున్నాడు. చుట్టాలు కూడా లేచారు. హాలు ఖాళీ అయింది. పీట మీద మామా కోడలూ మిగిలారు. ఇలక్కియ రెండో పాట పెట్టింది, తర్వాత మూడోది. ఒక చెవిలో బంగారు తీగ, రెండో చెవి ఖాళీ. ఎళిలరసన్‌కి మొదట పాదాలు మొద్దుబారాయి, తర్వాత మోకాళ్ళు. తర్వాత నడుము కింద ఏముందో అతను మాటవరసకి మాత్రమే నమ్మాడు. పిల్ల జారకుండా రెండు చేతులూ చుట్టూ వేసి ఉంచాడు. తెరమీద బిళ్ళలు వస్తున్నాయి, పిల్ల వేళ్ళు వాటిని అందుకుంటున్నాయి.

గణేశన్ అరిటాకు ముక్కలో అన్నం పట్టుకొచ్చాడు. పీట ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సాంబారా బావా, రసమా?"

ఎళిలరసన్ చుట్టూ చూశాడు. కయల్విళి పెరట్లో వడ్డిస్తోంది. ఫోను కూడా దగ్గర లేదు.

"రసం," అన్నాడు.

చేతులు ఖాళీ లేవని గణేశన్ చూశాడు. అన్నంలో రసం కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టాడు. ఎళిలరసన్ నోరు తెరిచాడు. కరెంటు స్తంభం మీద ఫ్యూజు వేసేటప్పుడు ఎంత శ్రద్ధ ఉంటుందో గణేశన్ ముఖంలో అంత శ్రద్ధ ఉంది.

"మామా, కదలొద్దు," అంది ఇలక్కియ తెరమీంచి చూపు తిప్పకుండా. "నువ్వు నమిలితే నాకు తప్పిపోతా ఉండాది."

ఎళిలరసన్ నమలడం ఆపాడు. రెండో చెవికి ఇంకా గంటా పది నిమిషాలుంది. గడియారం కాస్త వేగంగా పోతోందేమోనని అతనికి అనుమానంగా ఉంది.